అరణ్యమునకు యజమాని ఎవ్వరు?

వానప్రస్థమనగా వనమునకు తరలిపోవుట. గృహస్థాశ్రమమున ఆర్జించిన దానిని పుత్రులకు అప్పగించి, అగ్నిహోత్రమును మాత్రము వెంటగొని అరణ్యమునకు పోవలెనని ధర్మశాస్త్రకారులు విధించిరి. ఈ కాలమున ఆ ఆశ్రమము లోపించినది. ఆశ్రమము లోపించినను దాని వెనుకనున్న ఆశ లోపింపలేదు. అరువదియవ ఏడు సమీపించి, ఉద్యోగ విరమణమై, బిడ్డల వివాహములు ముగిసిన పిమ్మట, పట్టణపు రొదకు దూరముగా నాలుగు చెట్ల నీడను కూర్చుండి భగవన్నామము స్మరించుకొనవలెనను కోరిక నేటికిని అనేకులకు కలుగుచున్నది. భేదమొక్కటి కలదు. పూర్వులు ఉన్నదానిని విడిచి అడవికి పోయిరి. నేటివాడు అడవినే కొని, రిజిస్ట్రారు కచేరిలో దస్తావేజు వ్రాయించుకొని, ఆ పిమ్మట వైరాగ్యము నవలంబింపదలచుచున్నాడు.

ఇందు నవ్వుటకేమియు లేదు. ఈ కోరిక మంచిదే. కాని మంచి కోరిక ఎంతదూరము మనుజుని వెంట రాగలదో విచారింపవలసియున్నది.

దృష్టాంతమునకై అట్టి గృహస్థు నొకనిని భావింపవచ్చును. ఆయన ఆసిఫాబాదులో ముప్పది ఏండ్లు ఉపాధ్యాయుడుగా పనిచేసినవాడు. మాఘపూర్ణిమకు రెబ్బెన సమీపమునగల గంగాపురము బాలాజీ జాతరకు సకుటుంబముగా పోవువాడు. ధనుర్మాసమున తిరుప్పావై సేవ తప్పనివాడు. పదవీ విరమణ సమయమున కొంత ధనము ఆయన చేతికి వచ్చెను. కెరమెరి పోవు త్రోవకు లోపలగా, పెద్దవాగులో కలియు ఒక చిన్న ఒర్రె ఒడ్డున ఐదెకరముల భూమి కలదనియు, అందు రెండెకరములు చెలక, మిగిలినది చెట్లు దట్టముగా పెరిగిన అడవియే యనియు, పట్టాదారు అమ్మ సిద్ధముగా నున్నాడనియు ఒక మధ్యవర్తి వచ్చి చెప్పెను. ఫాల్గుణమాసమున ఒకనాటి వేకువ ఆయన పోయి చూచెను.

ఆసిఫాబాదు పరిసరముల అడవి యనగానే దూరమువారికి టేకు స్ఫురించును. టేకుకు వెల హెచ్చు గనుక దానికే పేరు వచ్చినది. అడవి మాత్రము టేకు వలననే అడవి కాలేదు. టేకుతోపాటు నల్లమద్ది, ఏగిస, తునికి, మోదుగ, రేల, తాని, ఉసిరిక, సారపప్పు చెట్టు, వెదురు, వీటినన్నింటిని మించి ఇప్ప, ఇవి యన్నియు కలిసి మెలిసి పెరిగినదే ఇచ్చటి అడవి. వరుసలు తీర్చి నాటిన టేకుతోట యందు పక్షులు అంతగా నిలువవు. ఈ మిశ్రమవనమునందు నిలుచును. తునికియాకు వేసవిలో బీడీలకు పోవును. మోదుగాకు విస్తరి యగును, దాని పుల్ల హోమసమిధ యగును, దాని పువ్వు హోలీనాటి రంగగును. ఈ అడవుల వెదురు కాగజ్‌నగర్‌లోని సిర్పూరు కాగితపు మిల్లునకు పోయి, ఎన్ని పాఠ్యపుస్తకములైనదో, ఎన్ని దస్తావేజులైనదో ఎవరు లెక్కింపగలరు!

ఇప్పపువ్వనగానే సారాయి స్మరించి ముఖము చిట్లించు సత్పురుషులు కలరు. వారొక మాట తెలిసికొనవలెను. ఎండబెట్టిన ఇప్పపువ్వు కరవుకాలమున అడవిబిడ్డలకు అన్నము. ఇప్పగింజల నూనె ఎన్నో ఆలయములలో దీపమున వెలిగినది. ఫాల్గుణ చైత్రములలో రాత్రి వికసించిన ఈ పువ్వు తెల్లవారునప్పటికి నేలరాలును. రాత్రి గబ్బిలములు వచ్చి కొమ్మలమీద తినును. ఎలుగుబంటి, దుప్పి వచ్చి క్రిందపడిన దానిని తినును. వేకువను గోండు స్త్రీలు బుట్టలతో వచ్చి, మిగిలినదానిని ఏరుకొందురు. వారికిని జంతువులకును నడుమ వ్రాతలేని ఒప్పందమొకటి నడచుచున్నట్లుండును. అంతేకాదు. కొత్త పంటగాని, కొత్త ఫలముగాని వచ్చినపుడు దేవరకు సమర్పించిన పిదపనే తాము అనుభవింపవలెనను ఆచారము గోండులలో కలదు. నివేదనము లేనిది భుజింపరాదను వైష్ణవగృహస్థునకు ఈ ఆచారము పరాయిదిగా తోచుటకు వీలులేదు.

మన ఉపాధ్యాయుడు చూచిననాడును ఆ ఐదెకరములలోని పెద్ద ఇప్పచెట్టు క్రింద ముగ్గురు స్త్రీలు పూవులేరుచుండిరి. ఆయన మనసు చల్లబడెను. ఈ అడవిని గొడ్డలినుండి కాపాడవలెను, ఒక్క చెట్టును కొట్టింపరాదు, ఒర్రె ఒడ్డున తులసీవనము పెంచి బాలాజీకి మాలలు సమర్పింపవలెనని అక్కడనే సంకల్పించుకొనెను. అది కపటసంకల్పము కాదు. ఈ విషయమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. లేనిచో ఈ విచారమంతయు దుర్మార్గుని మందలించుటగా పరిణమించును, దుర్మార్గుడు ఎట్లును ఈ పత్రిక చదువడు.

తిరిగి వచ్చునపుడు మధ్యవర్తి అసలు సంగతి చెప్పెను. ఈ భూమి ఏజెన్సీలోనిది, పట్టాదారు గోండు. చట్టప్రకారము గిరిజనేతరుని పేర రిజిస్ట్రేషను జరుగదు. అయినను చింతలేదు. ఉపాధ్యాయునికి ఏజెన్సీ హద్దునకు వెలుపల రెండెకరముల పిత్రార్జితపు పొలమున్నది. అందు పనిచేయు పాలేరు గోండువాడే. వాని పేర కాగితము వ్రాయించి, వానివద్ద వేరొక కాగితము వ్రాయించుకొని పెట్టెలో దాచుకొన్నచో చాలును. "అందరు ఇట్లే చేయుచున్నారు పంతులుగారూ, మీరేమన్న నరికి అమ్ముకుంటరా, దేవునికే గద!" అనెను.

దేవునికే గదా అను ఈ మాటయందే విషమంతయు ఉన్నది.

ఆ చట్టమెందుకు వచ్చెనో తెలియనిచో అది మంచిపనికి అడ్డుగా మాత్రమే కనబడును. నిజాము ప్రభుత్వము అడవులను రక్షితారణ్యములుగా హద్దులు వేసినపుడు, తరతరములుగా అచ్చటనే పోడు కొట్టి పండించుకొనుచున్న గోండులు, కోలాములు తమ నేలయందే అపరాధులైరి. పశువును మేపినను, కట్టె తెచ్చినను పన్ను లేక దండన. మైదానమునుండి వచ్చినవారికి కాగితములు తెలియును, గోండులకు నేల తెలియును; కచేరిలో గెలిచినది కాగితము. ఈ దుఃఖమునుండియే కొమురం భీము లేచెను. పండ్రెండు గ్రామముల భూమిపైన, అడవిపైన తమ హక్కును కోరి ఆయన పోరాడెను. 1940లో కెరమెరి కొండలలోని జోడేఘాట్‌లో నిజాము పోలీసుల తుపాకులకు అనుచరులతో కూడ బలియయ్యెను. ఆశ్వయుజపూర్ణిమనాడు అచ్చట నేటికిని ఆయన వర్ధంతి జరుపుదురు. నీరు, అడవి, భూమి అను మూడు మాటలు ఆయన పేరితో ముడివడి నిలిచినవి. 2016లో ఏర్పడిన జిల్లాకును ఆయన పేరే పెట్టిరి.

భీము మరణానంతరము నిజాము ప్రభుత్వమే ఆస్ట్రియాదేశీయుడగు హైమెండార్ఫ్ అను పండితుని గోండుల స్థితిగతులు పరిశీలింప నియమించెను. ఆయన మార్లవాయి గ్రామమున వారి నడుమ నివసించి, వారి భూములకు పట్టాలీయవలెనని పట్టుబట్టెను. మూడు దశాబ్దముల పిమ్మట తిరిగివచ్చి చూచినపుడు, ఆ పట్టాభూములలో అనేకము ఇతరుల పాలైనవని తన గ్రంథమున వ్రాసి దుఃఖించెను. పట్టా ఇచ్చినంతమాత్రమున భూమి నిలువదు. అప్పు, పెండ్లి, వ్యాధి, వ్యవహారజ్ఞానము లేమి, ఇవి నాలుగును చాలును, పట్టా చేతులు మారుటకు.

కావుననే 1959లో షెడ్యూల్డు ప్రాంతముల భూబదలాయింపు నిబంధనము వచ్చెను. 1963లో తెలంగాణ ప్రాంతమునకు అది వర్తించెను. 1970లో దానిని మరింత బిగించి, షెడ్యూల్డు ప్రాంతమున గిరిజనేతరునకు ఎవ్వరు భూమిని బదలాయించినను చెల్లదనిరి. అమ్మకమే కాదు, కౌలు, తాకట్టు, దానము సైతము బదలాయింపే. 1988లో సుప్రీంకోర్టు ఈ నిబంధనము న్యాయమైనదేయని తీర్పిచ్చెను. 2006నాటి అటవీహక్కుల చట్టము సాగుభూమిపై హక్కునే కాక, ఇప్పపువ్వు, తునికియాకు, వెదురు వంటి అటవీఫలముల మీద గ్రామమునకుగల హక్కును గూడ గుర్తించెను. అనగా ఆ వేకువ పూవులేరుచుండిన స్త్రీలను ఎవరో దయతలచి రానిచ్చుట లేదు. ఆ అడవితో వారి సంబంధము ఏ చట్టముకంటెను ముందుది.

ఇక శాస్త్రమేమనుచున్నది?

పూర్వమీమాంసలో విశ్వజిద్యాగమును గూర్చి ఒక విచారము కలదు. ఆ యాగము చేయువాడు సర్వస్వమును దక్షిణగా ఈయవలెను. సర్వస్వమనగా నేమి? తండ్రి, తల్లి తనవారే గదా, వారిని ఈయవచ్చునా? ఈయరాదు, తనవారగుట వేరు, తన సొత్తగుట వేరు. పిదప భూమి ప్రసక్తి వచ్చినది. సార్వభౌముడు ఈ యాగము చేసినచో భూమండలమునే దక్షిణగా ఈయవచ్చునా? ఈయరాదని జైమినిమహర్షి ఆరవ అధ్యాయము ఏడవ పాదమున నిర్ణయించెను. భూమి అందరికిని సమానము. ప్రాణులన్నియు తమతమ కర్మఫలముల ననుభవించు స్థానమది. రాజు దానికి రక్షకుడే కాని స్వామి కాడు. భూమండలమేలు రాజునకే లేని స్వామ్యము ఐదెకరముల ఆసామికెట్లు వచ్చును?

ఇట తొందరపడరాదు. క్షేత్రములకు యజమానులు కలరని మీమాంసకులును ఒప్పుకొనిరి. లేనిచో లోకవ్యవహారమే సాగదు. క్షేత్రము ఎవరిది అను ప్రశ్నకు మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయమున సమాధానము చెప్పినది. మోళ్లను పెరికి నేలను చదును చేసినవానిదే క్షేత్రమట. తొలిబాణము వేసినవానిదే మృగమట. ఈ న్యాయము ననుసరించి కెరమెరి కొండలలోని చెలకలు ఎవరివో చెప్పుటకు పెద్ద పాండిత్యము అక్కరలేదు. ఆ మోళ్లు పెరికిన చేతులేవో ఆ ప్రాంతమంతయు ఎరుగును.

ఇందుండియే సూక్ష్మమైన మరియొక ప్రశ్న పుట్టుచున్నది. మోడు పెరికినవానిది క్షేత్రమైనచో, మోడే పెరుకని అడవి ఎవరిది? ఆ చెట్లను ఎవ్వరును నాటలేదు. ఇప్పను గబ్బిలము నాటెను, ఉసిరికను దుప్పి నాటెను, మద్దిని గాలి నాటెను. శ్రమ వలన కలుగు స్వామ్యము ఇట వర్తింపదు. క్రయము వలన కలుగు స్వామ్యము అమ్మువానికి లేనిదానిని కొనువానికి తెచ్చి పెట్టజాలదు. వైష్ణవసిద్ధాంతము దీనికి సమాధానము చెప్పుటకు క్షణమైన తడబడదు. సర్వమునకు శేషి శ్రీమన్నారాయణుడే, తక్కినదంతయు శేషమే. జీవుడు తన్ను తాను తనవాడనుకొనుటయే ఆత్మాపహారమను దొంగతనమని పెద్దలు వాక్రుచ్చిరి. తానే తన సొత్తు కానివాడు అడవిని తన సొత్తనుట ఎంత విపరీతము!

అయినచో, అందు అదియే నేను చెప్పునదనును ఉపాధ్యాయుడు. అడవి స్వామిది, స్వామి సొత్తును కాపాడుటకే కొనుచున్నాను, మమకారముతో కాదు, కైంకర్యబుద్ధితో. ఈ వాదము బలమైనది. దీనిని త్రోసివేయుటకు రామాయణమునందలి సీతమ్మ చెప్పిన ఒక కథను వినవలెను.

దండకారణ్యమున రాముడు ఋషులకు అభయమిచ్చి ముందునకు సాగుచుండగా, సీతాదేవి భర్తకు మృదువుగా ఒక మాట చెప్పినది. వనమున ఒక ముని సత్యవ్రతుడై తపస్సు చేసికొనుచుండెను. ఇంద్రుడు యోధుని వేషమున వచ్చి, ఒక ఖడ్గమును న్యాసముగా, అనగా దాచుటకై, ఆయనవద్ద ఉంచి పోయెను. ముని దానిని కోరలేదు, కొనలేదు. అప్పగించినదానిని పోగొట్టరాదను ధర్మబుద్ధితోనే కంటికి రెప్పవలె కాపాడెను. కందమూలములు తేబోయినను ఖడ్గము వెంటనే ఉండెను. నిత్యము చేతనుండుటచే క్రమముగా దానియందు చేయి అలవడెను, చేయి అలవడగా బుద్ధి మారెను. తపస్వి క్రూరుడై చివరకు నరకము పాలయ్యెను. ఆయుధము నింద్యమైనదని కాదు సీతమ్మ అభిప్రాయము. కాపాడుటకై పట్టినది సైతము పట్టినవానిని మార్చివేయునని ఆమె హెచ్చరిక. అది అడవిలో, అడవిని గూర్చి, నిష్కల్మషుడైన వానికి చెప్పిన మాట యగుట గమనింపదగినది.

దస్తావేజు ఆ ఖడ్గమువంటిది. ఈ వేకువ ఇప్పచెట్టు క్రింద ముగ్గురు స్త్రీలను చూచి ఉపాధ్యాయుని మనసు చల్లబడెను. దస్తావేజు పెట్టెలోనికి వచ్చిన తరువాతి ఫాల్గుణమున అదే చెట్టు క్రింద అదే స్త్రీలు కనబడినచో ఏమగును? మొదటి ఏడు, ఏరుకొననిండు పాపము, అనుకొనును. పాపమను ఆ మాటలోనే స్వామ్యము దూరినది. రెండవ ఏడు, కొమ్మలు విరువకుండ ఏరుకొనుమని చెప్పును. మూడవ ఏడు, ఆకులకు నిప్పు పెట్టుచున్నారని కంచె వేయించును. నిజమునకు పూవు కనబడుటకై చెట్టు క్రింది ఎండుటాకులను కాల్చుట కొందరు చేయుదురు, దానివలన మొలకలకు హాని కలుగును, కావున ఆయన కోపమునకు కారణము కూడ దొరకును. నాలుగవ ఏడు ఆ స్త్రీలు ఆయన కంటికి దొంగలు. వారు మారలేదు, చెట్టు మారలేదు, పువ్వు మారలేదు. ఒక్క కాగితము వచ్చి చూచు కన్ను మారినది.

ఇది భక్తిలేనివారికి మాత్రమే కలుగు ప్రమాదమనుకొనరాదు. తిరుమలలో అనంతాళ్వాను కంటె కైంకర్యపరుడెవ్వడు? రామానుజుల ఆజ్ఞచే కొండమీద నిలిచి, స్వామి పుష్పకైంకర్యమునకై తోట వేసి, చెరువు త్రవ్వుచుండెను. నిండుచూలాలగు భార్య మట్టి మోయుచుండెను. ఒక బాలుడు వచ్చి తానును మోయుదుననగా, ఈ కైంకర్యము మాది, నీవు చేరరాదని గద్దించెను. బాలుడు చాటున ఆమె చేతి తట్టనందుకొనుచుండుట చూచి గడ్డపలుగు విసరెను. తరువాత సన్నిధికి పోయి చూడగా స్వామి గడ్డమునుండి రక్తము కారుచుండెనట. నేటికిని స్వామి గడ్డమున పచ్చకర్పూరము, మహాద్వారము చెంత ఆ గడ్డపలుగు భక్తులకు కనబడుచున్నవి. ఈ కథను భక్తిపారవశ్యమునకు దృష్టాంతముగా చెప్పుదురు, అట్లు చెప్పుట ఒప్పే. కాని తోట స్వామిదనుకొన్న మహాత్మునకే, తోటపని మాత్రము నాది యనిపించినపుడు, పలుగు పోయి తగిలినది తోటకు నిజమైన యజమానికే. స్వామి ఏ వేషమున తోటలోనికి వచ్చునో ఎవరికి తెలియును? బుట్టతో వచ్చిన గోండుస్త్రీ వేషమున రాడని ఎవరు చెప్పగలరు? అహోబిలమున చెంచులయింట అల్లుడైన స్వామి ఆయన! చెంచులు వేరు, గోండులు వేరు. అయినను అత్తవారిపక్షము అడవివారని చెప్పుకొను దైవమునకు, అడవివారి భూమిని మారుపేరున కొని తులసిమాల సమర్పించుట ఎట్టి మర్యాద యగునో ఉపాధ్యాయుడే ఆలోచింపవలెను.

మారుపేరు సంగతి మరింత విచారింపదగినది. పూజారంభమున సంకల్పము చెప్పునపుడు యజమానుడు తన గోత్రము, తన పేరు చెప్పుకొనును. భగవంతుని ఎదుట మారుపేరు చెల్లదు. ఆ ఒర్రె ఒడ్డున తులసికోట కట్టి సంకల్పము చెప్పునాడు ఏ పేరు చెప్పవలెను? తన పేరు చెప్పినచో దస్తావేజు అబద్ధము. పాలేరు పేరు చెప్పినచో పూజ వానిది. సాత్త్వికత్యాగమని వైష్ణవులు ప్రతికర్మకును ముందు వెనుకల చేయునది కలదు. చేయుచున్నవాడను నేను కాను, ఇది నాది కాదు, దీని ఫలము నాకు కాదు అని మూడింటిని విడుచుట. రిజిస్ట్రారు ఎదుట, ఇది నాది కాదు, పాలేరుది యనుట కూడ పైకి ఈ త్యాగమువలెనే వినబడును. ఒకటి సత్యము, మరియొకటి దాని వేషము ధరించిన అసత్యము.

ఇక పాలేరు. వానిని ఎవ్వరు అడుగలేదు. తహసీల్దారు పిలిచి, ఈ భూమి నీవే కొంటివా, ధనమెచ్చటిది అని అడిగినచో వాడు యజమానుని కొరకు అబద్ధమాడవలెను. వాడు నిజము చెప్పినచో కూలి పోవును. అబద్ధము చెప్పినచో ధర్మము పోవును. తాను అసత్యము పలికినవాడు తనవరకే చెడును. తనపై ఆధారపడినవానిచే పలికించినవాడు ఇద్దరి పాపమును మోయును. వాడు మరణించిన పిదప వాని పిల్లలకు ఆ పేరే ఒక వ్యాజ్యముగా మిగులును. శ్రీమద్భాగవతము సప్తమస్కంధమున గృహస్థధర్మములు చెప్పుచు నారదుడు ధర్మరాజునకు రెండు మాటలు వెంటవెంట చెప్పినాడు. కడుపు నిండుటకు చాలినంతవరకే దేహధారికి స్వత్వము, అంతకు మించినది నాది యనువాడు దొంగ. ఇది మొదటిది. మృగములను, పక్షులను, ఎలుకలను, పాములను, ఈగలను గూడ కన్నబిడ్డలవలె చూడుమనుట రెండవది. ఈగను బిడ్డగా చూడుమన్న చోట పాలేరును ముద్రగా వాడుకొనుట కుదురునా?

కడపటి వాదమొకటి మిగిలినది, అదియే అన్నింటికంటె కష్టమైనది. నేను కొననిచో వేరొకడు కొనును. వాడు టేకును కొట్టి అమ్మి, ఇప్పను కూల్చి, పత్తి వేయును. అడవి పోవును. నా ధర్మభీరుత్వము ఒక్క చెట్టునైనను కాపాడునా?

ఈ మాటను తేలికగా కొట్టివేయరాదు. అట్లు జరుగుచున్నది. అయినను రెండు సంగతులు కలవు. ఆ వేరొకని కొనుగోలు కూడ చట్టమునకు విరుద్ధమే. దానిని అడ్డుటకు ఉట్నూరున గిరిజనాభివృద్ధి సంస్థ కలదు, అధికారులు కలరు, గ్రామసభ కలదు. తానే మారుపేరున కొన్నవాడు రేపు వారి ఎదుట నిలిచి పొరుగువానిపై ఫిర్యాదు చేయజాలడు. మరియొకటి, సత్పురుషుడు వేసిన దొడ్డిదారిని దుష్టులు రాజమార్గముగా చేసికొందురు. పంతులుగారే కొన్నారట, అను ఒక్క మాట ఆ మధ్యవర్తికి ఇంకను పదిమందిని తెచ్చి పెట్టును. ఐదెకరములు నిలుచును, ఆ వెనుక ఏబది పోవును.

భూమిని కొనుటయే దోషమని ఇందువలన తేలదు. మైదానప్రాంతమున చట్టసమ్మతముగా, అమ్ముటకు అధికారముగలవాని వలన, తన పేర, న్యాయమైన వెలకు చెట్లున్న భూమిని కొనువాడు దొంగ కాడు. ఐనను వాడు కొన్నది అడవిని కాదు, దానిని కాపాడు అధికారమును మాత్రమే. రాజశాసనము సైతము అట్లే చెప్పుచున్నది. 2002నాటి నీరు, భూమి, చెట్ల చట్టము ప్రకారము సొంతభూమిలోని చెట్టును కొట్టుటకును అనుమతి కావలెను. మీమాంసకులు రాజును గూర్చి చెప్పినది, నేడు రాజు ఆసామిని గూర్చి చెప్పుచున్నాడనవచ్చును.

ఉపాధ్యాయుడు ఇదంతయు ఒక్కనాడు తేల్చుకొనెనని చెప్పుట సహజము కాదు. చేతిలో ధనము, మనసులో ఆ ఒర్రె, కంటిముందు ఆ చెట్టు. మధ్యవర్తి మూడుమారులు వచ్చెను. ఆయనకు నిదుర పట్టని రాత్రి, దశమస్కంధమున కృష్ణుడు వేసవియెండలో గోపబాలురకు చెట్లను చూపి చెప్పిన మాటలు స్మరణకు వచ్చెనని భావింపవచ్చును. ఎండను, వానను, గాలిని తాము భరించి, ఆకును, పువ్వును, పండును, నీడను, కట్టెను, తుదకు బూడిదను సైతము అడిగినవారికెల్ల ఇచ్చి, ఎవ్వరిని వట్టిచేతులతో పంపని జన్మమని స్వామి వానిని కొనియాడెను. అడిగినవాడు ఎవ్వడో, పట్టా ఎవని పేర నున్నదో అవి విచారింపవు.

మరునాడు ఆయన పట్టాదారు ఇంటికే పోయెను. అమ్మకమెందుకని అడుగగా కూతురి పెండ్లియప్పు సంగతి బయటపడెను. అప్పు ఇరువదివేలు. ముప్పది ఏండ్లు పిల్లలకు వ్రాత నేర్పిన చేయి గనుక, ఆయన అచ్చటనే కూర్చుండి ఐ.టి.డి.ఏ. వారికి ఒక దరఖాస్తు వ్రాసిపెట్టెను, ఉట్నూరునకు వెంట పోయెను. అది ఫలించుటకు నెలలు పట్టునని తెలిసి, సగము సొమ్ము చేబదులుగా ఇచ్చెను. కాగితము వ్రాయింపలేదు. భార్య ఒకమారు ఆయన ముఖము చూచెను గాని ఏమియు అనలేదు.

జ్యేష్ఠమాసాంతమున ఇప్పకాయలు పండి రాలినవి. ఇప్పగింజ రాలిన కొద్దిదినములలోనే విత్తవలెను, ఆలస్యమైనచో మొలకెత్తు శక్తి పోవును. ఫాల్గుణమున చూచిన స్త్రీలలో ఒకామె ఆయనకు గింజలు మూటగట్టి ఇచ్చెను. వెలయెంతయని అడుగగా నవ్వెను. తొలకరి పడగానే తన రెండెకరముల పొలములో గట్టువెంట పాలేరును తోడుగొని వాటిని పాతెను. ఇప్ప పూచుటకు పదియేండ్లయిన పట్టునని పాలేరు చెప్పెను. ఆయనకప్పటికి అరువదియొకటి. కంచె వేయించునపుడు, తూర్పున ఎప్పటినుండియో పశువులును మనుష్యులును నడచుచున్న సన్నని త్రోవయొకటి కనబడెను. అచ్చట రెండు బారల వెడల్పు కంచె వేయవద్దని పాలేరుతో చెప్పెను.